బ్లీచ్ పోసి తుడిచిన కుర్చీ

మాలో ఒకరు మేపుల్ కెటిల్ హోటల్ తరఫు మనిషి. ఆ సంగతి తెలిసి వారమైంది. ఎవరన్నది మాత్రం తెలియదు.

కిందటి వారం కథ ఆగినప్పుడు మీరు నన్ను ఆ హోటల్ గుమ్మం ముందే వదిలి వెళ్ళారు. పదహారు మందిమి ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్ళేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. అద్దానికి ‘మరమ్మతులు జరుగుచున్నవి’ అని కాగితం అంటించారు. లోపల ఏ మరమ్మతూ లేదు. పరదా పక్కకు జరిపి మేనేజర్ బర్ల్ హ్యాచర్ మా వైపు చెయ్యి ఊపాడు. పెళ్ళివారికి ఎదురొచ్చినవాడిలా నవ్వుతూ ఊపాడు. 

మేం వెళ్ళే రోజు, వేళ కౌంటర్ దగ్గర కూర్చోబోయే మా పదహారు మందికి, బయట ఉండి సాయం చేసే అయిదుగురికి, మాకు శిక్షణ ఇస్తున్న మిస్ ఒడెస్సాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఈసారి శనివారం మధ్యాహ్నం అనుకున్నాం. ఇవాళ గురువారం. సాయంత్రం నాలుగయింది. హాలోవే ఊళ్ళో నల్లవాళ్ళ చర్చి బేస్‌మెంట్‌లో నేను మడత కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా నెత్తి మీంచి టొమాటో సాస్ చెవుల్లోకి కారుతోంది.

“కదలకు,” అంది మిస్ ఒడెస్సా. “తుడుచుకోకు. ఎదురుగా చూడు.”

యాభై ఒక్కేళ్ళ మనిషి ఆమె. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. ముప్పై ఒక్కేళ్ళ కిందట, నల్లవాళ్ళకు కప్పు కాఫీ పొయ్యని రోజుల్లో, ఈ ఊళ్ళోనే ఒక పెద్ద కొట్టు కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగిన తొమ్మిది మంది పిల్లల్లో ఒకతె. అప్పుడు వాళ్ళు ఎలా తయారయ్యారో ఇప్పుడు మమ్మల్ని అలాగే తయారు చేస్తోంది. బయట ఎదురయ్యేదంతా ముందు ఇక్కడ మావాళ్ళ చేతుల్లోనే ఎదురవ్వాలి. తిట్లు, సాస్, చన్నీళ్ళు, ఉమ్మి, అన్నీ. ఏం జరిగినా కుర్చీలోంచి లేవకూడదు. చెయ్యి ఎత్తినవాళ్ళ పేరు ఆ క్షణమే లిస్టులోంచి పోతుంది. ఆ నియమానికి మినహాయింపు లేదు. 1960లో ఆమె సొంత అన్న పేరే పోయిందట.

పాస్టర్ గారికి మాత్రం ఇది దుప్పట్లు కుట్టే క్లాసని చెప్పింది. “అబద్ధమెందుకవుతుంది? రెండు దుప్పట్లు కుట్టి ఇచ్చేశాగా,” అంటుంది.

ఇవాళ నన్ను తిట్టే వంతు డ్యూయీది. హోటల్లో గిన్నెలు కడిగేవాడు. నన్నూ వాణ్ణీ ఒకే రోజు తీసేశారు. ‘మామూలు కుటుంబాల విలువలకు సరిపడని’ పనివాళ్ళు, అంటే ఆడవాళ్ళలో ఆడవాళ్ళని, మగవాళ్ళలో మగవాళ్ళని ప్రేమించే మాలాంటివాళ్ళు, తమకు అక్కర్లేదని కంపెనీ ఫిబ్రవరిలో అన్ని శాఖలకూ ఉత్తరం పంపింది. ఇక్కడి చట్టంలో దాన్ని తప్పుపట్టే ముక్క ఒక్కటీ లేదు. డ్యూయీ శనాదివారాలు పక్క ఊరి బారులో గౌను తొడుక్కుని పాటలు పాడతాడు. గోళ్ళకు ఎర్రరంగు వేసుకుంటాడు. ఇవాళ రౌడీ వేషమని టోపీ పెట్టుకొచ్చాడు గాని గోళ్ళ రంగు మాత్రం తీయలేదు.

“ఏమే, ఇది మనుషులు తినే చోటు,” అని నా వెనక నిలబడి అరిచాడు. “నువ్వు మూతి పెట్టిన కప్పులో రేపు ఎవడు తాగుతాడే? ఛీ, తేడా మొహమా!” అని నా మెడ మీద ఉమ్మాడు. చల్లగా తగిలింది.

“నీళ్ళు కాదు నాయనా, ఉమ్మి,” అంది మిస్ ఒడెస్సా.

“లోర్నమ్మ మీద నా వల్ల కాదు మిస్ ఒడెస్సా.”

“శనివారం ఉమ్మేవాడు లోర్నమ్మ అంటాడా? కానీ.”

ఈసారి వెచ్చగా తగిలింది. మెడ మీంచి జారి చొక్కాలోకి పోయింది. నా ఒళ్ళంతా ముడుచుకుపోయింది. అయినా కదలలేదు. ఎదురుగా గోడ మీద ప్రార్థన వేళల పట్టిక చూస్తూ హోటల్ మెనూలోని పాన్‌కేకుల ధరలు మనసులో వల్లె వేసుకున్నాను. మిస్ ఒడెస్సా నేర్పిన ఉపాయమే అది. పక్క వరస కుర్చీల్లో మిగతా వాళ్ళంతా చూస్తున్నారు. డ్యూయీ ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వాడి గొంతు మారింది. పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

“పోయేటప్పుడు కుర్చీ తుడిచి పో. ఆకుపచ్చ కుర్చీ. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదట నీళ్ళు పోసి, తర్వాత బ్లీచ్ పోసి.”

నేను లేచాను. వెనక్కి తిరిగాను. బలమంతా పెట్టి వాడి చెంప మీద కొట్టాను.

టోపీ ఎగిరి పడింది. 

“అది నీకెవడు చెప్పాడు?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “చెప్పు! ఎవడు చెప్పాడు?”

డ్యూయీ చెంప పట్టుకుని నా వైపు చూడలేదు. మిస్ ఒడెస్సా వైపు చూశాడు. దాక్కోవడానికి చోటు వెతుకుతున్నాడనుకున్నాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

ఆ కుర్చీ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు కూడా దాచాను. ఇప్పుడు చెప్పక తప్పదు. ఏప్రిల్లో నన్ను తీసేసిన రోజు హ్యాచర్ గదిలో ముగ్గురమే ఉన్నాం. హ్యాచర్, నేను, హెడ్డాఫీసు నుంచి వచ్చిన బూడిదరంగు సూటు మనిషి. అతను పేరు చెప్పలేదు. ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీలో కూర్చోబెట్టి సంతకం చేయించారు. నేను లేచాక సూటు మనిషి ఎంతో మర్యాదగా అన్నాడు: “ఆ కుర్చీ కాస్త తుడిచి వెళ్ళమ్మా. ఇంకొకరు కూర్చోవాలి కదా.” తుడిచాను. “బ్లీచ్‌తో కూడా,” అన్నాడు. పదకొండేళ్ళు ఆ హోటల్లో బల్లలు తుడిచిన చేతులతోనే, అదే సీసాతో, అదే గుడ్డతో రెండోసారి తుడిచాను. గుడ్డ ఉతికి ఆరేసి మరీ బయటికి వచ్చాను.

వాళ్ళు తుడవమన్నందుకు కాదు నా అసహ్యం. నేను తుడిచినందుకు. అందుకే జనీన్‌కి కూడా చెప్పలేదు.

జనీన్, నేను అయిదేళ్ళుగా ఆలుమగల్లా ఒక ఇంట్లో ఉంటున్నాం. బయట ఉండి సాయం చేసే అయిదుగురిలో ఆమె ఒకతె. ఊరి దృష్టిలో ఆమె నా ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్న నర్సు. నా మాజీ భర్త రాయిస్ మా ఏడేళ్ళ డార్సీని తనకిచ్చేయమని కోర్టుకెళ్ళాడు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం తీర్పు. మా వకీలు తేల్చి చెప్పింది: “కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగావనుకో, ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తాను. జనీన్ అద్దె మనిషి కాదని బయటపడిందో, ఆ జడ్జి పిల్లని ఆ రోజే రాయిస్ చేతిలో పెడతాడు.” నాకున్నది ఆ ఒక్క పిల్ల. పోయేదీ ఆ ఒక్క పిల్లే.

జరిగింది అందరికీ చెప్పాను. ముగ్గురికే తెలిసిన మాట డ్యూయీ నోట్లోంచి వచ్చిందంటే, ఆ ఇద్దరిలో ఒకరు వాడితో మాట్లాడినట్టే.

ముందుగా లేచింది విట్‌ఫీల్డ్. ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసు అతనిదే. మా తరఫున టీవీ వాళ్ళతో మాట్లాడేది అతనే. ఎండలోనూ టై విప్పడు. డ్యూయీ పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంటాడు. ఆ సంగతి అప్పటిదాకా నేను గమనించలేదని చెప్పను. గమనించి ఊరుకున్నాను.

“మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను,” అన్నాడు. “ఈ గోళ్ళు, ఈ గౌన్లు, ఈ బారులు. ఇలాంటివాణ్ణి కొనడానికి ఎంతసేపు? మనం మంచి ఉద్దేశంతో రానిచ్చాం. చూడండి ఏమైందో.”

“విట్, నేను కాదు,” అన్నాడు డ్యూయీ.

“మరి నీకెలా తెలిసింది?”

డ్యూయీ మళ్ళీ మిస్ ఒడెస్సా వైపు చూశాడు. పెదాలు బిగబట్టుకున్నాడు.

“చూశారా, సమాధానం లేదు. శనివారం కెమెరాలు వస్తాయి. లోకం మనల్ని చూసి మొహం తిప్పుకోకూడదంటే ముందు మనం శుభ్రంగా కనబడాలి. కోపం తెచ్చుకోకండి మిస్ ఒడెస్సా, ఇది మీ దగ్గర నేర్చుకున్నదే. మీవాళ్ళు కోట్లు, టైలు వేసుకుని చేతిలో పుస్తకం పట్టుకుని కూర్చోబట్టే దేశం చూసింది. ఆ ఫొటో నా ఆఫీసు గోడకుంది. రోజూ చూస్తాను.” అందరి వైపు తిరిగాడు. “వీణ్ణి పంపేద్దామన్నవాళ్ళు చేతులెత్తండి.”

ముందు లేచిన చెయ్యి నాదే.

తర్వాత ఒకటొకటిగా లేచాయి. కొందరు నేల చూస్తూ ఎత్తారు. ఒకావిడ సగం ఎత్తి, పక్కవాళ్ళని చూసి పూర్తిగా ఎత్తింది. పద్నాలుగు. డ్యూయీ వంగి టోపీ తీసుకున్నాడు. దాని మీద పడిన సాస్‌ని ప్యాంటుకు రాసి తుడిచాడు.

“లోర్నమ్మా, నీ చెయ్యి గట్టిదే,” అన్నాడు నవ్వబోతూ. నవ్వు కుదరలేదు.

“కూర్చో నాయనా,” అంది మిస్ ఒడెస్సా.

విట్‌ఫీల్డ్ ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూడకుండానే అరచెయ్యి చూపించింది. ఒక కుర్చీ లాక్కుని మా అందరికీ ఎదురుగా కూర్చుంది.

“ఎవరి చెయ్యి ముందు లేస్తుందో చూద్దామని ఊరుకున్నాను. బుద్ధి తక్కువ పని. మిమ్మల్ని పరీక్షించే అర్హత నాకు లేదు. విట్, మా ఫొటో రోజూ చూస్తానన్నావుగా. మా కుర్రాళ్ళ కాలర్లు ఎప్పుడైనా చూశావా?”

“కాలర్లా?”

“నలిగిపోయి ఉంటాయి. ఒక్కదానికీ సరైన మడత లేదు. ఎందుకో తెలుసా?”

విట్‌ఫీల్డ్ చెయ్యి తన కాలర్ మీదికి పోయింది.

“ఎవెరెట్ ప్యూ అని మాతో ఒకడుండేవాడు. చర్చిలో పాడేవాడు. వాడు పాడితే మా అమ్మమ్మ ఫ్యాను కూడా ఆపించేది. వాళ్ళమ్మ లాండ్రీలో పని చేసేది. మాది పేద కాలేజీ, ఒక్కొక్కడికి ఉన్నది ఒకే తెల్ల చొక్కా. వాటన్నిటికీ గంజి పెట్టి, ఇస్త్రీ చేసేది ఎవెరెట్టే. కాలర్ మీద వేలు పెడితే కోసుకునేది, అంత బాగా చేసేవాడు. నడక కాస్త వేరు. ఆడపిల్లలతోనే తిరిగేవాడు. మాకు తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

“మాకూ మీకు జరిగినట్టే జరిగింది. మేం వెళ్ళిన ప్రతిసారీ కొట్టు మూసి ఉండేది. మాలో ఎవడో చెబుతున్నాడు. అప్పుడు ఒకడన్నాడు, ‘ఇలాంటివాణ్ణి పోలీసులు బెదిరిస్తే ఏదైనా చెప్పేస్తాడు’ అని. అంతే, రుజువేమీ లేదు. చేతులెత్తమన్నారు. ఎత్తాం. వాడు నాకు ఫ్రెండు. నేనూ ఎత్తాను.” ఆమె తన కుడిచేతిని చూసుకుంది. అది ఇంకెవరిదో అయినట్టు చూసుకుంది. “సరే, పంపేశాం. అంతటితో ఆగామా? మర్నాడు పొద్దున మా కుర్రాళ్ళు ఎవెరెట్ ఇస్త్రీ చేసిన చొక్కాలు మేం వేసుకోం అన్నారు. వాడి చేతులు తగిలాయట. తొట్టిలో పడేసి మళ్ళీ ఉతికారు. ఉతికి, తడి ఆరకుండానే, చేతకాని ఇస్త్రీ చేసుకుని వేసుకున్నారు. నీ గోడ మీద ఉన్నది ఆ చొక్కాలే విట్. నువ్వు చొక్కాలు చూశావు. వాటిని ఇస్త్రీ చేసినవాడు నీకు కనబడలేదు.”

 తుడిచిన కుర్చీ, ఉతికిన చొక్కాలు. నన్ను తుడవమన్నవాళ్ళు బయటివాళ్ళు. వాడి చొక్కాలు ఉతికినవాళ్ళు సొంతవాళ్ళు.

“చెప్పినవాడు ఎవరని తేలింది?” అని అడిగాడు డ్యూయీ.

“అయిదేళ్ళకు తెలిసింది. రోజూ బయల్దేరే ముందు మా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయించిన చర్చి పెద్ద. బంగారంలాంటి మనిషి అనుకునేవాళ్ళం. ఎప్పుడూ టై కట్టుకునే ఉండేవాడు.”

“ఎవెరెట్?”

“అదే శనివారం ఒక్కడే బస్‌స్టేషన్ కౌంటర్‌కి వెళ్ళి కూర్చున్నాడు. పక్కన మనిషి లేడు. దవడ విరగ్గొట్టారు. సరిగా అతకలేదు. మళ్ళీ పాడలేదు. నేను చూడ్డానికి వెళ్ళలేదు.” కుర్చీ ముందుకు జరుపుకుంది. “మీరు మా ఉద్యమం నుంచి నేర్చుకుంటామని వచ్చారు. కూర్చోవడం నేర్పాను, దెబ్బలు కాసుకోవడం నేర్పాను. సభల్లో వీటికే నన్ను పిలిచి శాలువా కప్పుతారు. ఇది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. చెబితే ఎవరు కప్పుతారు శాలువా? డ్యూయీ, ఇక దాచక్కర్లేదు. తియ్యి.”

డ్యూయీ గుప్పిట విప్పాడు. చెమటకు తడిసిన చిన్న కాగితం. నాలుగు మడతలు.

“ఇది ఎక్కడ దొరికింది?” అన్నాను.

“మిస్ ఒడెస్సా ఇచ్చారు. సగం తిట్టాక దీన్ని చదవమన్నారు. చీటీ సంగతి చచ్చినా బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నారు. నీ కుర్చీ సంగతి నాకేం తెలుసు లోర్నమ్మా? బాగా చదవాలి కదా అని నిలిపి నిలిపి చదివాను.”

నేను కొట్టిన వైపు వాడి చెంప ఎర్రగా కమిలింది. నా వేళ్ళ గుర్తుల మధ్య టొమాటో సాస్ ఎండింది. క్షమించమన్నట్టు వాడి భుజం పట్టుకున్నాను. 

“మా రోజుల్లోనూ శిక్షణ ఆఖరి రోజు ఇలాగే చేసేవాళ్ళం,” అంది మిస్ ఒడెస్సా. “పరాయివాడి తిట్టు చెవి దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడ నొప్పో సొంతవాళ్ళకే తెలుస్తుంది. అందుకని ఒక్కొక్కరికీ బాగా దగ్గరివాళ్ళని చాటుగా పిలిచి, ఇంకెవరికీ చెప్పొద్దని, ఒక్క మాట రాయించుకుంటాను. మడత విప్పి చూడను. ఈ చీటీని అలాగే ఇచ్చాను.” కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది. “అమ్మాయ్, ఇది నిన్ను ఏడిపించాలని రాసింది కాదు.”

“మరి?”

“నువ్వు లేచి కొట్టాలని రాసింది. నియమం తెలిసిన మనిషి రాసింది. చెయ్యి ఎత్తితే నీ పేరు పోతుంది. శనివారం నువ్వు ఆ హోటల్లో ఉండకూడదని ఎవరో గట్టిగా కోరుకున్నారు.”

“ఎవరు రాశారు?”

ఆమె సంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసింది. పేజీ తిప్పింది. వేలు ఒక వరుస మీద ఆగింది. బుక్కు మూసేయబోయింది. నేను లాక్కున్నాను.

‘లోర్నాకు రాయాల్సింది: జనీన్.’

అక్షరాలు కదలలేదు. రెండోసారి చదివినా అదే ఉంది.

జనీన్‌కి నేను చెప్పలేదు. ఆ గదిలో ఉన్న మిగతా ఇద్దరిలో ఒకరు చెప్పి ఉండాలి. ఒకే మంచం మీద నా పక్కన పడుకుని, నా జుట్టు నిమిరి, ఆ మాట కడుపులో దాచుకుంది. ఎన్నాళ్ళుగా? ఒక్కసారిగా నాకు మా ఇంటి దుప్పటి వాసన గుర్తొచ్చింది. నోటుబుక్కు కుర్చీలో పడేసి మెట్ల వైపు నడిచాను. 

“ఆగు,” అంది మిస్ ఒడెస్సా. “ఇందాకే ఒకడి చెంప పగలగొట్టావు. ఇంకొకరి సంగతి తేల్చేముందు అడుగు. ముందు అడుగు.”

“నియమం ప్రకారం లోర్నా పేరు పోయినట్టే కదా,” అన్నాడు విట్‌ఫీల్డ్ వెనకనుంచి. కాగితాలు సర్దుకుంటున్నాడు. “ఆమె స్థానంలో ఎవరైనా పద్ధతిగా ఉండే...”

“విట్,” అన్నాడు డ్యూయీ. “ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చచ్చిపోతావా?”

నేను గడియారం చూశాను. అయిదుకు పది నిమిషాలు. జనీన్ మూడింటికి డార్సీని బడి నుంచి తీసుకుని, మా అందరికీ శాండ్‌విచ్‌లు పట్టుకుని నాలుగుకల్లా రావాలి. రోజూ అలాగే వస్తుంది. రోజూ.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. చిన్న బూట్లు. డార్సీ ఒక్కతే దిగింది. రెండు చేతులా శాండ్‌విచ్‌ల బుట్ట పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. నన్ను చూసి మొహం చిట్లించింది.

“అమ్మా, నీ మీద మళ్ళీ సాస్ పోశారా? ఛీ.”

“జనీన్ ఏదమ్మా?”

“పైన కారులో. అంకుల్‌తో మాట్లాడుతోంది.”

“ఏ అంకుల్?”

“బూడిదరంగు సూటు అంకుల్. మంచివాడు. చాక్లెట్ ఇచ్చాడు.” జేబులోంచి తీసి చూపించింది. సగం కొరికి ఉంది. “నీకో మాట చెప్పమన్నాడు. నేను మర్చిపోకుండా మూడుసార్లు చెప్పించుకున్నాడు.”

“చెప్పు.”

డార్సీ బడిలో పద్యం చెప్పేటప్పటిలా నిటారుగా నిలబడింది. “శనివారం మీ అమ్మ ఇంట్లోనే ఉంటే, నువ్వు ఎప్పటికీ మీ అమ్మ దగ్గరే ఉంటావు.” చెప్పేసి నవ్వింది. “ఉంటావు కదమ్మా? శనివారం పాన్‌కేకులు చేద్దాం.”

శనివారం నేను వెళ్తే జనీన్ సంగతి జడ్జికి చేరుతుందన్నమాట. నా పిల్ల నోటితో పంపించాడు ఆ బెదిరింపు. చాక్లెట్ తినిపించి, మూడుసార్లు వల్లె వేయించి, ఆ చిన్న నోట్లో పెట్టి పంపాడు. మెడ మీద ఉమ్మి ఎప్పుడో ఆరిపోయింది. ఇది ఆరేది కాదు.

డార్సీ చేతిలోంచి చాక్లెట్ తీసుకున్నాను. “మిస్ ఒడెస్సా దగ్గర కూర్చో. ఇప్పుడే వస్తాను.”

“అమ్మాయ్,” అంది మిస్ ఒడెస్సా, డార్సీని ఒళ్ళోకి తీసుకుంటూ. “నియమం నాది. నువ్వు ఇప్పుడు తప్పుకుంటే ఎవరైనా నిన్ను పిరికిదంటారని అనుకోకు. నేను అననివ్వను. నీ పేరు పోయిందంటే పోయింది. అంతే.”

ఆమె నాకు తలుపు తెరిచి చూపిస్తోంది. జనీన్ తెరిచిందీ అదే తలుపు. అందులోంచి వెళ్తే నా కూతురు నాకుంటుంది. డ్యూయీ నా వైపు చూసి తల ఊపాడు, వెళ్ళినా ఫరవాలేదన్నట్టు. కమిలిన చెంపతో.

మెట్లెక్కాను.

చర్చి వెనక జాగాలో మా పాత కారు ఉంది. ఇంజన్ ఆపలేదు. స్టీరింగ్ ముందు జనీన్. రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి, ఎదుటి గోడ చూస్తోంది. వెనక సీట్లో అతను. ఏప్రిల్లో చూసిన అదే సూటు. నన్ను చూసి ఎంతో మర్యాదగా తలుపు తెరిచాడు. నా జుట్టు, చొక్కా, వాటికి అంటుకున్న సాస్ అన్నీ ఒకసారి పరికించాడు. పక్కనున్న పేపరు తీసి, విప్పి, తన పక్క సీటు మీద జాగ్రత్తగా పరిచాడు. మూలలు కూడా సరిచేశాడు.

“రామ్మా, కూర్చో,” అన్నాడు. “రెండు నిమిషాలు మాట్లాడుకుందాం.”

పేపరు తీసి నేల మీద పారేశాను. మా కారులో, మా సీటు మీద, సాస్‌తో, ఉమ్మితో, అలాగే కూర్చున్నాను. భుజం అతని కోటుకు ఆనేలా కూర్చున్నాను. అతను కాస్త జరిగాడు. ఇంకా జరగడానికి చోటు లేదు.

తలుపు మూసుకుంది.

అద్దంలో జనీన్ కళ్ళు నా కళ్ళను కలిశాయి. ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

లేచి వెళ్ళిపో.

నేను లేవలేదు.